పటం వాళ్ళది... ఓడ ఎవరిది?

మా హాల్లో టీవీ పక్కన ఇప్పుడొక ఓడ ఉంది. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన కొయ్యతో కలిపి రెండడుగుల పైచిలుకు పొడుగు. నేనే కట్టాను. రెండేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. "ఈ లోపు అసలు ఓడే కట్టేసేవాళ్ళు" అంటుంది మా ఆవిడ. ఎత్తిపొడుపే గానీ అబద్ధం కాదు. అసలు ఓడకి 1816లో పని మొదలుపెట్టి, 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దించేశారు. అంటే ఏడాదిన్నర. అదీ బొంబాయిలో!

ఓడ పేరు హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ. బ్రిటిష్ రాయల్ నేవీ వారి యుద్ధనౌక. ఇప్పటికీ నీళ్ళ మీద తేలుతూ ఉన్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో ఇదే అన్నిటికంటే పాతది. (నెల్సన్ గారి విక్టరీ ఇంకా పాతదే కానీ, అది నీళ్ళలో లేదు, డ్రై డాకులో నిలబెట్టారు.) ఇంగ్లండు ఈశాన్యపు ఒడ్డున హార్టిల్‌పూల్ అనే ఊళ్ళో ఉంటుంది. ఆన్‌సైట్ పేరుతో నాలుగు నెలలు ఆ పక్క ఊళ్ళో ఉన్నప్పుడు, ఓ ఆదివారం చేసే పనేమీ లేక వెళ్ళాను. చలి, సన్నటి వాన, గుప్పెడు మంది సందర్శకులు. లోపల బోర్డు మీద 'బొంబాయిలో నిర్మించబడినది, టేకు' అని చదివి కాసేపు కదల్లేదు.

ఎందుకో చెప్తాను. ఆ ముందు వారమే మా ప్రాజెక్టు రిలీజయింది. అందరికీ అభినందనల మెయిలొచ్చింది. అందులో డిజైన్ చేసిన ముగ్గురి పేర్లు ఉన్నాయి, మేనేజర్ల పేర్లు ఉన్నాయి. చివర్న 'ఆఫ్‌షోర్ టీముకి కూడా' అని ఒక ముక్క. ఆ ముక్కలో హైదరాబాదులో రాత్రుళ్ళు కూర్చున్న పద్నాలుగు మంది ఉన్నారు. నాకు కోపం కూడా రాలేదు, అలవాటైపోయింది. కానీ ఆ రోజు ఆ టేకు దూలం మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం ఒక ప్రశ్న పుట్టింది. పటం లండన్‌లో గీశారు, ఓడ బొంబాయిలో కట్టారు. మరి ఈ ఓడ కట్టింది ఎవరు?

ఆ ప్రశ్న బుర్రలోంచి పోక, తిరిగొచ్చాక నమూనా కట్టడం మొదలుపెట్టాను. జవాబు పుస్తకాల్లో సగం దొరికింది. మిగతా సగం చేతులు కోసుకుంటే దొరికింది.

ముందు కథ చెప్పుకుందాం.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నెపోలియన్‌తో యుద్ధాలు. ఇంగ్లండుకి ఓడలు కావాలి, ఓడలకి ఓక్ కలప కావాలి, అడవుల్లో ఓక్ చాలట్లేదు. ఇటు చూస్తే ఈస్టిండియా కంపెనీ వారి బొంబాయి డాక్‌యార్డులో మలబారు టేకుతో ఎనభై ఏళ్ళ నుంచీ ఓడలు కడుతున్నారు. లవ్‌జీ నస్సర్‌వాంజీ వాడియా అనే పార్సీ వడ్రంగిని 1736లో సూరత్ నుంచి, కొంతమంది పనివాళ్ళతో సహా కంపెనీ బొంబాయికి రప్పించుకుంది. ఆయన తర్వాత కొడుకులు, మనవలు అదే పని. 1750 నాటికి అక్కడ డ్రై డాకు కూడా తయారైంది. 1810లో వీళ్ళు 'మిండెన్' అనే 74 ఫిరంగుల యుద్ధనౌక కట్టి ఇచ్చారు. దాంతో అడ్మిరాల్టీ వారికి నమ్మకం కుదిరింది.

టేకు గురించి ఒక మాట. ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనప మేకుల్ని తినేస్తుంది. టేకులో ఉండే నూనె వాటిని కాపాడుతుంది. చెద, పుచ్చు త్వరగా దగ్గరికి రావు. ఫిరంగి గుండు తగిలితే ఓక్ పెద్ద పెద్ద పేళ్ళుగా చీలి ఎగిరేది, గుండు కంటే ఆ పేళ్ళు తగిలి చచ్చినవాళ్ళే ఎక్కువ. టేకు అంతగా చీలదని పేరు.

1812 అక్టోబరులో ట్రింకోమలీకి ఆర్డరిచ్చారు. పటాలు 'జావా' అనే యుద్ధనౌకలో బొంబాయికి పంపించారు. అదే ఓడలో బొంబాయిలో తయారవుతున్న వేరే ఓడల కోసం రాగి రేకులు కూడా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే అమెరికాతో ఇంకో యుద్ధం మొదలై ఉంది. 1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరానికి దూరంగా, 'కాన్‌స్టిట్యూషన్' అనే అమెరికన్ యుద్ధనౌక ఎదురై జావాని చితగ్గొట్టింది. ఇక పనికిరాదని తేల్చి తగలబెట్టేశారు. పటాలు పోయాయి!

బ్యాకప్ కాపీ లండన్‌లో ఉంది కానీ, మెయిలు చేయడానికి లేదు కదా. మళ్ళీ పంపించి, అవి చేరి, పని మొదలయ్యేసరికి 1816 అయింది. 1815లోనే వాటర్‌లూలో నెపోలియన్ పని అయిపోయింది. అంటే రిక్వైర్‌మెంటు పోయిన తర్వాత మొదలైన ప్రాజెక్టన్నమాట! (నవ్వకండి, మనందరం అలాంటివి చేశాం.) ఓడ తయారైంది, 1819 ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్ చేరింది. చేరగానే మాస్టులు పీకేసి ఒక మూల కట్టేశారు. 1845 దాకా అలాగే ఉంది. ఇరవై ఆరేళ్ళు బెంచి మీద! మన దగ్గర మూడు నెలలు బెంచి మీదుంటేనే నిద్ర పట్టదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే ఉంది. పటాల్ని ముంచిన కాన్‌స్టిట్యూషన్ ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతూ ఉంది. ఆ పటాల రెండో కాపీతో కట్టిన ఓడ హార్టిల్‌పూల్‌లో తేలుతూ ఉంది. ఇద్దరూ రెండు వందల ఏళ్ళు దాటిన ముసలివాళ్ళు.

ఇక ఆ పటాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం. ట్రింకోమలీ 'లీడా' తరగతి ఓడ. ఆ నమూనాతో నలభైకి పైగా ఓడలు కట్టారు. మరి లీడా ఇంగ్లీషు వాళ్ళ సొంత బుర్రా అంటే, కాదు. 1782లో వాళ్ళు 'ఎబే' అనే ఫ్రెంచి యుద్ధనౌకని పట్టుకున్నారు. జాక్-నోయెల్ సానె అనే ఫ్రెంచి ఇంజనీరు డిజైన్ చేసిన ఓడ అది. దాన్ని కొలిచి, పటం గీసుకుని, మార్పులు చేసుకుని లీడా తరగతి తయారు చేశారు. మన భాషలో రివర్స్ ఇంజనీరింగ్. అంటే డిజైన్ ఫ్రెంచి వాళ్ళది, దాని మీద మార్పులు ఇంగ్లీషు వాళ్ళవి, కలప మలబారుది, కట్టింది బొంబాయి పార్సీలు. ఓడ పేరేమో సిలోన్‌లోని రేవుది. 'ఇది మాది' అని ఎవరైనా ఒక్కరు గుండెలు బాదుకోవడానికి చోటెక్కడుంది?

సరే, ఇక నా ఓడ సంగతి.

గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైం మ్యూజియంలో ఆ కాలపు నౌకాదళ పటాలు దాచిపెట్టారు. నకళ్ళు అమ్ముతారు. అప్పట్లో అడుక్కి పావు అంగుళం చొప్పున గీసేవాళ్ళు, అంటే 1:48. ఆ లెక్కన నా ఓడ పొట్టే మూడడుగులు దాటుతుంది, అపార్ట్‌మెంటులో పెట్టడానికి చోటు లేదు. అందుకని సగానికి తగ్గించి 1:96 అనుకున్నాను. 150 అడుగుల గన్ డెక్కు నా దగ్గర సుమారు 19 అంగుళాలయింది. 40 అడుగుల వెడల్పు 5 అంగుళాలు. అయిదున్నర అడుగుల మనిషి పదిహేడున్నర మిల్లీమీటర్లు, అంటే నా చిటికెన వేలి కొసంత.

చెక్క దగ్గరే మొదటి దెబ్బ. అసలు ఓడ టేకుది కదా, నమూనా కూడా టేకుతోనే కడదామని ఉబలాటపడ్డాను. ఫర్నిచర్ షాపులో తుక్కు ముక్కలు తెచ్చి ఒక మిల్లీమీటరు మందం పలకలుగా కోయించాను. చూస్తే అదేదో కొబ్బరి మట్టతో అల్లిన తడికలా ఉంది. కలపలో గీతలు, రంధ్రాలు మనం తగ్గించినంత మాత్రాన తగ్గవు కదా! 1:96లో టేకు గీత ఒక్కొక్కటి అసలు ఓడలో కాలవంత కనబడుతుంది. అసలు ఓడకి ఏ చెక్క ప్రాణమో, నమూనాకి ఆ చెక్క పనికిరాలేదు. చివరికి ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర తెప్పించుకున్నాను. తెల్లగా, సన్నగా, గీత కనబడకుండా ఉంటుంది. టేకు రంగు పైన పూసుకున్నాను. ఇంగ్లీషు వాడి పటం, పార్సీ ఓడ, ఏటికొప్పాక చెక్క!

చెక్క ఓడ కట్టే పద్ధతి చెప్తాను. కింద వెన్నుదూలం, దాన్నే కీల్ అంటారు. దాని మీద వరసగా పక్కటెముకలు. వాటి మీద ముందునుంచి వెనక్కి పలకలు. పలకలు తిన్నగా ఉండే చోట పని సులువు. ముక్కు దగ్గరకొచ్చేసరికి పలక ఒకేసారి లోపలికి వంగాలి, మెలి తిరగాలి, సన్నబడాలి. వేడినీళ్ళలో నానబెట్టి, వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ మీద మెల్లగా వంచుతాం. తొందరపడితే పటుక్కుమంటుంది. (అసలు ఓడకి అదే పని ఆవిరితో, నాలుగంగుళాల మందం పలకలతో చేసేవాళ్ళు.) ఒక్కో పలకకి నాకు ఒక సాయంత్రం పట్టింది.

పటాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఓడ పటమంటే మూడు బొమ్మలు. ఒకటి పక్కనుంచి, ఒకటి పైనుంచి, ఒకటి ఎదురుగా. తమాషా ఏంటంటే, పైనుంచి చూసే బొమ్మలో ఓడ సగమే ఉంటుంది. రెండో సగం కూడా అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి గీయరు. ఎదురుగా చూసే బొమ్మలో ఒక సగం ముందు భాగం, ఒక సగం వెనక భాగం. అందం, పొదుపు రెండూ ఉన్నాయి. ఏ ప్రోగ్రామరుకైనా ముచ్చటేస్తుంది.

ఆ ముచ్చటే నా కొంప ముంచింది.

ఒక పక్క మొత్తం పూర్తి చేసి, తర్వాత రెండో పక్క చేద్దామనుకున్నాను. మాడ్యూలు ముగించి మాడ్యూలు. కుడి పక్క ఇరవై రెండు పలకలు, రెండు నెలలు. నున్నగా వచ్చింది. ఫోటోలు తీసి స్నేహితులకి పంపాను కూడా. రెండో పక్క మొదలుపెడుతూ వెన్నుదూలం పక్కన స్కేలు పెట్టి చూస్తే మధ్యలో సందు కనబడింది. దూలం అరటికాయలా వంగింది! మూడు మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లే కదా అనుకోవచ్చు. 96తో హెచ్చవేస్తే దాదాపు అడుగు. వెన్నెముక అడుగు పక్కకి వంగిన ఓడ తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది.

పటంలో తప్పుందేమోనని రెండు రోజులు వెతికాను (మనం చేసే మొదటి పని అదే కదా). తప్పు లేదు. మూడో రోజు వంటింటి అరలు బిగించడానికి వచ్చిన వడ్రంగి, మంచినీళ్ళు తాగుతూ బల్ల మీదున్న ఓడని చూశాడు. చేత్తో పట్టుకుని ఒక కన్ను మూసి చూసి, "ఒక్క దిక్కే అంటిచ్చుకుంట వోయిన్రా సార్?" అన్నాడు. అవునన్నాను. "గుంజది మరి? తడి కట్టె ఎండుతుంటె గుంజుతది. ఇటొకటి అటొకటి కొట్టుకుంట రావాలె" అన్నాడు. గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ అరల పనిలోకి వెళ్ళిపోయాడు.

అతను జన్మలో ఓడ కట్టలేదు, సముద్రం చూశాడో లేదో కూడా అడగలేదు. కానీ మూడు బొమ్మల పటం నాకు చెప్పని సంగతి పది సెకన్లలో చెప్పాడు.

ఇరవై రెండు పలకలూ ఊడదీశాను. జిగురు కరిగేలా స్పిరిట్ రాసి, బ్లేడుతో ఒక్కోటీ లేపి. చాలావరకు విరిగిపోయాయి. మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఓడ చచ్చిపోయిందా?" అని అడిగింది. ఆ నెల రోజులూ ఓడని అటక మీద పెట్టేశాను. మళ్ళీ దించినప్పుడు కుడి ఒకటి, ఎడమ ఒకటి, కుడి ఒకటి, ఎడమ ఒకటి.

పటంలో లేనిది అదొక్కటే కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది పటంలో లేదు. ఏ దుంగ ఏ చోటికి అన్నది లేదు. చెక్క ఓడల్లో డెక్కు దూలాన్ని పక్క గోడకి పట్టి ఉంచే మోకాలు లాంటి వంపు ముక్కలుంటాయి. తిన్నటి చెక్కని వంపుగా కోస్తే గీత తెగి బలం పోతుంది. అందుకని చెట్టులో సహజంగా వంగిన కొమ్మని వెతికి పట్టుకునేవాళ్ళు. అంటే ఓడ పని చెట్టు కింద నిలబడి తల పైకెత్తి చూసినప్పుడే మొదలవుతుంది. ఆ చూపు పటంలో ఎక్కడ గీస్తారు? పలకల మధ్య సందుల్లోకి నీరు రాకుండా ఎంత బిగువుగా కూరాలి, మేకు కొట్టేటప్పుడు ఏ శబ్దం వస్తే ఆపాలి... ఇవన్నీ చేతుల్లో ఉన్నాయి, కాగితంలో లేవు. మన డిజైన్ డాక్యుమెంటుకీ, నిజంగా నడిచే కోడుకీ మధ్య ఎంత దూరం ఉందో అంత దూరం.

ట్రింకోమలీ కట్టినప్పుడు బొంబాయి డాక్‌యార్డులో మాస్టర్ బిల్డరు జంషెట్‌జీ బొమ్మన్‌జీ వాడియా. 1754లో పుట్టాడు, 1821లో పోయాడు. గ్రీనిచ్ మ్యూజియంలో ఆయన తైలవర్ణ చిత్రం ఉంది. పార్సీ తలపాగా, తెల్లటి అంగీ, చేతిలో డివైడర్లు. ఓడ మొదలుపెట్టినప్పుడు వెన్నుదూలంలో వెండి మేకు దిగ్గొట్టడం వాళ్ళ ఆచారం. ట్రింకోమలీకి కూడా అలాగే కొట్టారు. ఆ మేకు కొట్టకపోతే ఓడకి మంచిది కాదని నమ్మకం. మనం కొత్త సర్వరుకి కొబ్బరికాయ కొట్టమూ, అలాగన్నమాట.

ఆయన గురించి ఒక కథ చెబుతారు. ఒక ఓడ కట్టేటప్పుడు, ఎవరికీ కనబడని లోపలి దూలం మీద, తెల్లవాళ్ళు తనని ఏ తిట్టుతో పిలిచేవారో ఆ తిట్టే రాసి, 'వాడే ఈ ఓడ కట్టాడు' అని చెక్కాడట. చాలా ఏళ్ళ తర్వాత ఓడ మరమ్మతుకి వచ్చినప్పుడు ఎవరో చూశారట. కథే కావచ్చు. కానీ కోడులో కామెంటు పెట్టిన ప్రతివాడికీ ఆ కథ అర్థమవుతుంది.

అయితే ఇక్కడొక జాగ్రత్త. 'బ్రిటిష్ నౌకాదళాన్ని కట్టింది మనమే, వాళ్ళకేం రాదు' అని మెయిళ్ళు తిరుగుతుంటాయి. అది కూడా అబద్ధమే. లీడా తరగతిలో ఇంకో ఓడ ఈ రోజుకీ బతికుంది. 'యూనికార్న్', 1824లో ఇంగ్లండులోని చాథంలో కట్టారు, స్కాట్‌లండ్‌లోని డండీలో ఉంది. కాబట్టి వాళ్ళకీ వచ్చు. పైగా బొంబాయి ఓడలు కట్టించుకున్నది కంపెనీ, వాడుకున్నది సామ్రాజ్యం. 1813లో బొంబాయిలోనే దించిన 'కార్న్‌వాలిస్' ఓడ మీదే 1842లో నాన్‌కింగ్ సంధి మీద చైనా వాళ్ళ చేత సంతకం పెట్టించారు. హాంకాంగ్ పోయింది ఆ సంతకంతోనే. మన వడ్రంగి పనితనం మీద నిలబడి ఇంకొకరి మెడలు వంచారు. గర్వపడేటప్పుడు ఈ ముక్క కూడా గుర్తుంచుకోవాలి కదా?

ఇంకో సంగతి వినండి. బొంబాయి, కలకత్తా టేకు ఓడలు లండన్‌కి వస్తుంటే, థేమ్స్ ఒడ్డు ఓడ నిర్మాతలు 1813-14 ప్రాంతంలో పార్లమెంటుకి మొరపెట్టుకున్నారు. మా పని పోతోంది, మా పనివాళ్ళు పస్తులుంటున్నారు అని. ఈ మాటలు మనం ఇంతకుముందు ఎక్కడో విన్నట్టు లేదూ? ఆ తర్వాత వచ్చిన చట్టాలు ఇక్కడి ఓడల మీద, ఓడ నడిపేవాళ్ళ మీద పడ్డాయి. 1823 చట్టంలో అయితే, మన లాస్కర్లు రాణించినా చచ్చినా 'బ్రిటిష్ నావికుల' లెక్కలోకి రారని తేల్చేశారు. వీసా కోటాలు కొత్తగా వచ్చినవేం కావు.

మా ఊరు కాకినాడ దగ్గర. అందుకని ఈ గొడవంతా చదువుతుంటే కోరంగి గుర్తుకు రాకుండా ఉండదు. గోదావరి నోటి దగ్గర ఒకప్పుడు ఓడలు కట్టిన, బాగు చేసిన రేవు. అక్కణ్ణుంచి రంగూను వెళ్ళిన మనవాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకో ఉప్పెన. రెండోదాని తర్వాత ఆ రేవు మళ్ళీ కోలుకోలేదు. 'సైక్లోన్' అనే మాటని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెన గురించి రాశాడు. తుఫానుకి పేరు మిగిలింది. ఆ ఓడలు కట్టినవాళ్ళ పేరు ఒక్కటి నాకు తెలీదు, మీకూ తెలిసుండదు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాళ్ళరేవు వైపు వెళ్ళాను. చెక్క పడవ ఒకటి సగం పక్కటెముకలతో నిలబడి ఉంది. పెద్దాయన ఒకాయన దారం పట్టుకుని కొలుస్తున్నాడు. "పటం ఏదండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "పటవెందుకండీ బాబూ, కంటికి తెలీదేటండీ?" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు సంతోషమూ భయమూ రెండూ కలిగాయి. సంతోషం ఎందుకో చెప్పక్కర్లేదు. భయం ఎందుకంటే, ఆ కన్ను మూతపడితే పటం కూడా మూతపడుతుంది. వాళ్ళబ్బాయి ఏం చేస్తాడని అడిగాను. హైదరాబాదులో టెస్టింగ్‌లో ఉన్నాడట!

అందుకే పటాన్ని తక్కువ చేసి మాట్లాడాలని నాకు లేదు. గ్రీనిచ్‌లో పటం దాచకపోతే నా ఓడ లేదు. లండన్‌లో రెండో కాపీ లేకపోతే ట్రింకోమలీయే లేదు. వాళ్ళు రాసి పెట్టుకున్నారు, దాచుకున్నారు. మనవాళ్ళు చేసి చూపించారు, వెళ్ళిపోయారు. చేసినవాడు రాయకపోతే, రాసినవాడే చేసినవాడవుతాడు. ఇందులో కుట్ర కంటే మన బద్ధకం వాటా ఎక్కువేమో అని నాకో అనుమానం. ఆ మెయిల్లో పద్నాలుగు పేర్లు లేవని గింజుకున్నాను కదా, ఆ మెయిలు చిత్తుప్రతి చూడమని నాకు ముందే పంపారు. 'బావుంది' అని జవాబిచ్చింది నేనే.

ఓడ కథ ముగిద్దాం. 1847లో దానికి మళ్ళీ పని దొరికింది. వెనక భాగం మార్చి గుండ్రం చేశారు, ఫిరంగులు తగ్గించారు, వెస్టిండీస్ వైపు, ఆ తర్వాత పసిఫిక్ వైపు తిప్పారు. తర్వాత శిక్షణ ఓడ చేశారు. 1897లో తుక్కు కింద అమ్మేశారు. అదే ఏడాది వీట్లీ కాబ్ అనే ఆయన పాత శిక్షణ ఓడ 'ఫూడ్రాయంట్' బ్లాక్‌పూల్ దగ్గర తుఫానులో పగిలిపోయింది. దాని బదులు ఈ తుక్కు ఓడని కొని, దీనికి ఆ పేరే పెట్టి, మళ్ళీ పిల్లలకి శిక్షణకి వాడారు. 1986 దాకా ఆ పని చేసింది. ఆ తర్వాత హార్టిల్‌పూల్ తీసుకెళ్ళి పదేళ్ళకి పైగా బాగు చేశారు. 1992లో ట్రింకోమలీ అనే పాత పేరు తిరిగి వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అందులో చాలా భాగం అప్పటి మలబారు టేకే. ఆ డాక్‌యార్డులో పలక బిగించినవాడి పేరు ఎక్కడా లేదు గానీ, పలక ఉంది.

నమూనా కట్టేవాళ్ళకి ఇక్కడో చిక్కు ఉంటుంది, ఏ ఏడాది ఓడని కట్టాలని. హార్టిల్‌పూల్‌లో కనబడేది వెనక భాగం మార్చిన తర్వాతి ఓడ. నేను 1817 నాటి ఓడనే కట్టాను, చదరపు వెనక భాగంతో. బొంబాయిలో నీళ్ళలోకి దిగిన రోజు అదెలా ఉందో అలా. తాళ్ళ నిచ్చెనలకి వేసిన ముడులు రెండు వేలు దాటాక లెక్కపెట్టడం మానేశాను. వెన్నుదూలంలో చిన్న రంధ్రం చేసి, మా అమ్మాయి పాత పట్టీలోని వెండి ముక్క ఒకటి దిగ్గొట్టాను. బయటికి కనబడదు. ఉందని మాకు తెలుసు.

చివరికి మిగిలింది ఇత్తడి పలక. నమూనా కింద ఓడ పేరు, స్కేలు చెక్కిస్తారు. అంతవరకే చాలు మామూలుగా. చెక్కేవాడి ఎదురుగా కూర్చుని నేను రాసిచ్చింది ఇది: ట్రింకోమలీ, 1817. డిజైన్ సానె ఓడని చూసి లండన్‌లో. కట్టినవారు జంషెట్‌జీ బొమ్మన్‌జీ, బొంబాయి వడ్రంగులు. "అక్షరానికింత అవుద్ది సార్, వడ్రంగులు అనేది తీసేద్దామా?" అని అడిగాడు చెక్కేవాడు.

వద్దన్నాను. ఇంకో లైను పెరిగింది. మూడు వందల అరవై రూపాయలు ఎక్కువైంది.